దూరం ఎవరికి ఖర్చు, ఎవరికి రాబడి?
ఆదిలాబాద్ నేర్పిన ఎనిమిది పాఠాలు

బ్యాంకు ఉద్యోగంలో బదిలీ మీద ఆదిలాబాద్ వచ్చినవాణ్ని. రిటైరయ్యాక సొంతూరు పోకుండా ఇక్కడే ఇల్లు కట్టుకున్నాను. కొత్తగా పోస్టింగ్ పడ్డ టీచర్లు, డాక్టర్లు, బ్యాంకు పిల్లలు కాస్త పరిచయం కాగానే అడిగేది ఒకటే: "సార్, ఇక్కడ ఉండొచ్చా? ఏమన్నా ఎదుగుదల ఉంటదా?" హైదరాబాద్ ఇక్కడికి సుమారు 300 కిలోమీటర్లు, నాగ్‌పూర్ 200. రెండు నగరాల్లో దేనికీ చెందని పట్నం ఇది. వాళ్లకు విడివిడిగా చెబుతూ వచ్చిన మాటల్ని ఒకచోట పెడుతున్నాను.

1. జనాభా చూడకండి, ఎంతమందికి దిక్కో చూడండి

2011 లెక్కల్లో ఆదిలాబాద్ పట్నం జనాభా లక్షా పదిహేడు వేలు. ఆ అంకె చూసి వ్యాపారం పెట్టాలనుకునేవాడు జంకుతాడు. కానీ జైనథ్, బేల, తాంసి, ఇచ్చోడ, బోథ్, ఇంద్రవెల్లి, నార్నూర్ నుంచి పెళ్లి బట్టలకు, ట్రాక్టరు సామాన్లకు, కంటి అద్దాలకు, స్కానింగుకు వచ్చేది ఇక్కడికే. పెన్‌గంగ అవతలి మహారాష్ట్ర పల్లెల వాళ్లూ వస్తారు. హైదరాబాద్ పక్కన ఇదే జనాభా ఉన్న ఊళ్లో పెద్ద బట్టల షాపు పెడితే, జనం బస్సెక్కి సిటీకే పోతారు. ఇక్కడ అట్లా పోలేరు, దూరం పోనివ్వదు. అదే షాపువాడికి ఫ్రిజ్ పాడై కంప్రెసర్ కావాలంటే మాత్రం హైదరాబాద్ నుంచో నాగ్‌పూర్ నుంచో వచ్చేదాకా ఎదురుచూడాలి. ఒకే దూరం అమ్మేటప్పుడు రాబడి, కొనేటప్పుడు ఖర్చు. మీ బతుకు ఏ వైపు ఎక్కువ మొగ్గుతుందో చూసుకోవడమే అసలు సంగతి.

2. పట్నం జీతం మీద కాదు, పత్తి మీద నడుస్తుంది

మా బ్రాంచిలో ఏడాదికి రెండు ముఖాలు ఉండేవి. జూన్‌లో బంగారం తాకట్టు పెట్టేవాళ్ల వరుస, సంక్రాంతి చుట్టుపక్కల దాన్ని విడిపించుకునేవాళ్ల వరుస. మధ్యలో జరిగేదంతా పత్తి. అక్టోబరులో మార్కెట్ యార్డు తెరుచుకోగానే బండ్లు బారులు తీరుతాయి. జిన్నింగ్ మిల్లులు రాత్రింబవళ్లు నడుస్తాయి. ఆ వెనకే మోటారు సైకిళ్ల షోరూముకు, బంగారం దుకాణానికి, టైలరుకు పని మొదలవుతుంది.

మద్దతు ధరకు పత్తి కొనే ప్రభుత్వ సంస్థ కాటన్ కార్పొరేషన్ కొనుగోలులో అంతా తేమ దగ్గర తేలుతుంది. 8 శాతంలోపు ఉంటే పూర్తి మద్దతు ధర, 12 దాకా కోత పెట్టి కొంటారు, అది దాటితే కొనరు. 2025-26 సీజనుకు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. కానీ పత్తి తీసే రోజుల్లో వాన పడితే ఆ ధర కాగితం మీదే ఉంటుంది. రైతు ప్రైవేటు వ్యాపారి చెప్పిన రేటుకే కాంటా పెడతాడు. ఆ తగ్గిన రూపాయలు జనవరిలో చెప్పుల దుకాణంలోనూ, ట్యూషన్ ఫీజులోనూ తగ్గుతాయి. అందుకే ఇక్కడ వ్యాపారం పెట్టేవాళ్లకు నేను చెప్పేది: మంచి ఏడాది అమ్మకం చూసి అద్దె ఒప్పుకోకండి. చెడ్డ ఏడాది అమ్మకంతో అద్దె కట్టగలిగితేనే తాళం తీయండి.

3. ఒక్క ఆధారం మీద నిలబడ్డ ఊరు ఒక్క సంతకంతో కుంగుతుంది

1980లలో ఇక్కడ కేంద్ర ప్రభుత్వ సిమెంటు ఫ్యాక్టరీ పొగ గొట్టం లేచినప్పుడు, ఇక ఊరి దశ తిరిగిందనే అందరూ అనుకున్నారు. 90ల చివరికి ఉత్పత్తి ఆగింది. కార్మికులతో పాటు క్యాంటీను, లారీ మెకానిక్కు, కిరాణా కూడా దెబ్బ తిన్నాయి. తిరిగి తెరిపిస్తామన్న హామీ మాత్రం ప్రతి ఎన్నికలకూ తెరుచుకుంటూనే ఉంది.

2016 దసరా నాడు జిల్లాల విభజన జరిగింది. 52 మండలాల ఉమ్మడి జిల్లా ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్ అని నాలుగైంది. మంచిర్యాల రైతు కలెక్టరు ఆఫీసు పనికి బస్సుల్లో సగం రోజు గడిపే బాధ తప్పింది. అది న్యాయమే. కానీ అట్లా వచ్చి పోయే జనం మీద బతికిన లాడ్జీలు, మెస్సులు, జిరాక్సు షాపుల గిరాకీ నాలుగు ముక్కలైంది. దూరపు పట్నంలో ఎవరైనా "మాకు ఆఫీసులున్నాయి, ఫ్యాక్టరీ ఉంది" అంటే, అవి ఎవరి చేతిలో ఉన్నాయో అడగండి.

4. ప్రకటన విని ప్లాటు కొనకండి

రైల్లో హైదరాబాద్ పోవాలంటే మేం ముందు మహారాష్ట్రలోకి పోతాం. కిన్వట్, ముద్‌ఖేడ్ చుట్టి, బాసర, నిజామాబాద్ మీదుగా దిగుతాం. ఆర్మూరు నుంచి నిర్మల్ మీదుగా నేరుగా లైను వేయాలన్న కోరిక దశాబ్దాల నాటిది. నిజాం కాలపు విమానాల మైదానం ఉంది. అక్కడ విమానాశ్రయానికి 2025లో వైమానిక దళం సమ్మతి దొరికిందన్న వార్త వచ్చింది. ఇట్లాంటి వార్త వచ్చిన ప్రతిసారీ ఊరి బయట చేలల్లో ప్లాట్ల హద్దుల రంగు రాళ్లు లేస్తాయి. రైలు, విమానం ఎప్పుడో ఒకప్పుడు రావచ్చు. నెలసరి కిస్తీ మాత్రం వచ్చే నెలే వస్తుంది. ఇల్లు కట్టుకోవడానికైతే నీళ్లు, దారి, లేఅవుట్ అనుమతి చూసి ఇవ్వాళ్టి అవసరానికి కొనుక్కోండి. లాభం కోసమైతే, ఇక్కడ భూమి కొనడం తేలిక, అవసరానికి అమ్ముకోవడం కష్టమని గుర్తుంచుకోండి.

5. జబ్బు రాకముందే దారి తెలుసుకోండి

2008లో రిమ్స్ అనే ప్రభుత్వ వైద్య కళాశాల, ఆసుపత్రి వచ్చాక కాన్పులకు, ప్రమాదాలకు, పాము కాట్లకు ఈ ప్రాంతానికి కొండంత అండ దొరికింది. సూపర్ స్పెషాలిటీ భవనమూ లేచింది. అయితే గుండె, నరాల నిపుణుల్ని ఇంత దూరంలో నిలబెట్టుకోవడం గోడలు కట్టినంత తేలిక కాదు. ఇక్కడి డాక్టరు "పైకి తీసుకుపోండి" అంటే కొత్తవాళ్లు హైదరాబాద్ అనుకుంటారు. పాతవాళ్లు నాగ్‌పూర్, యవత్‌మాల్, వార్ధా దగ్గరి సేవాగ్రామ్ కూడా లెక్కలోకి తీసుకుంటారు. ఏ జబ్బుకు ఏ ఊరు, ఎన్ని గంటలు, అక్కడ మన ఆరోగ్యశ్రీ గానీ మీ ఉద్యోగపు హెల్త్ కార్డు గానీ చెల్లుతుందా అన్నది తీరిక వేళ కనుక్కుని ఇంట్లో అందరికీ కనిపించేట్టు రాసిపెట్టండి. డెబ్బై దాటిన తల్లిదండ్రులను ఇక్కడికి తెచ్చుకునేవాళ్లు ఈ పని మొదటి వారంలోనే చేయాలి.

6. నాలుగో భాష వచ్చినవాడికి నాలుగో గిరాకీ

తెలుగు, ఉర్దూ, మరాఠీ, గోండీ, లంబాడీ ఇక్కడ ఒకే కౌంటరు ముందు వినబడతాయి. ఇంద్రవెల్లి వైపు నుంచి వచ్చిన గోండు పెద్దమనిషి "రామ్ రామ్" అంటే, అంతే మర్యాదగా బదులిచ్చిన గుమస్తా దగ్గరికే ఆయన మళ్లీ వస్తాడు. ఫారం తప్పు రాశాడని విసుక్కున్న గుమస్తా దగ్గరికి రాడు. ఇక్కడ పైకొచ్చిన మందుల షాపులను గమనించాను. సరుకు అందరి దగ్గరా ఒకటే. మాత్ర ఎప్పుడు వేసుకోవాలో మరాఠీలో, గోండీలో చెప్పగల కుర్రవాడు ఎవరి దగ్గరుంటే గిరాకీ అక్కడికి పోయింది. నగరంలో ఇంగ్లీషుకు ఉన్న విలువ ఇక్కడ ఈ భాషలకుంది. నేర్చుకోవడానికి ఫీజు కూడా లేదు.

7. ఇంట్లో రెండో ఉద్యోగం ఏమవుతుందో ముందే ఆలోచించండి

ఈ ఊరు విడిచి పోయినవాళ్లలో ఎక్కువమంది జీతం చాలక పోలేదు. భార్యకో భర్తకో తగిన పని దొరక్క పోయారు. టీచరు, నర్సు, బ్యాంకు ఉద్యోగి అయితే సర్దుబాటవుతుంది. కంపెనీ లీగల్ పనో, డిజైన్ పనో చేసే మనిషి ఇక్కడ ఏళ్ల తరబడి ఖాళీగా కూర్చుంటే ఆ బాధ ఇల్లంతా పాకుతుంది. ఇప్పుడు ఇంటి నుంచి పని అనే వెసులుబాటు కొంత వచ్చింది. స్థానిక పిల్లలకే ఉద్యోగాలిచ్చి నడుస్తున్న ఐటీ కంపెనీ కూడా ఉంది. కానీ అక్కడ మానేస్తే ఇంకోటి లేదు. నగరంలో ఉద్యోగం మారడమంటే ఆఫీసు మారడం, ఇక్కడ ఊరే మారడం.

పిల్లల సంగతీ అంతే. పదో తరగతి దాకా బడికి సైకిలు మీద పోయి వస్తారు, సాయంత్రం ఆడుకుంటారు. ఇంటర్ రాగానే హైదరాబాద్ హాస్టల్. ఆ ఖర్చును పిల్లలు ఆరో తరగతిలో ఉన్నప్పుడే లెక్కలోకి తెచ్చుకోండి. ఇంటి అద్దెలో మిగిలే డబ్బంతా ఆ రెండేళ్లకు సరిపోతుంది.

8. సగం కాపురం పెట్టకండి

అన్నిటికన్నా ఎక్కువ నష్టపోయినవాళ్లను ఈ కోవలోనే చూశాను. కుటుంబం హైదరాబాద్‌లో, ఉద్యోగం ఇక్కడ. శుక్రవారం రాత్రి బస్సు, సోమవారం పొద్దున తూగుతూ ఆఫీసు. రెండు అద్దెలు, రెండు పొయ్యిలు. నగరంలో పరిచయాలు తెగిపోతాయి, ఇక్కడివి మొదలే కావు. దూరం వల్ల వచ్చే ఖర్చంతా కడతారు, రాబడి ఒక్కటీ ముట్టదు.

మీ పని ఎముకల వైద్యమో, మిల్లు యంత్రాల మరమ్మతో, మంచి లెక్కల ట్యూషనో అయితే ఈ దూరం మీ తరఫున నిలబడుతుంది. నగరంలో పదిమందిలో ఒకరయ్యేవాళ్లు ఇక్కడ జిల్లాకంతా తెలిసినవాళ్లవుతారు. ఆ పేరు రెండువైపులా పదునున్న కత్తి. అప్పు తేలిగ్గా పుడుతుంది, మీ ఇంటి గొడవ కూడా తేలిగ్గా బజారుకెక్కుతుంది. అదే మీ పనికి పెద్ద కంపెనీలు, పైమెట్లు, తోటి నిపుణులు కావాలంటే, మొహమాటపడకుండా మూటాముల్లె సర్దుకోండి. పోయేవాళ్లను నేనెప్పుడూ తప్పుపట్టలేదు.

ఉండాలనుకుంటే మాత్రం మొదట ఓటు ఇక్కడికి మార్చుకోండి. ఆసుపత్రికి నిపుణులు కావాలన్నా, ఆర్మూరు లైను కావాలన్నా అడిగేవాళ్ల లెక్క ఒకటి పెరుగుతుంది. దూరపు ఊరికి ఏదైనా వచ్చిందంటే, అక్కడే ఉండిపోయినవాళ్లు అడగ్గా వచ్చిందే.