చిత్తము శూన్యమని బౌద్ధులు చెప్పిరా?

తెలుగు వాడుకలో శూన్యమను మాటకు మంచి పేరు లేదు. శుభకార్యములకు పనికిరాని మాసము శూన్యమాసము. కాపురస్థులు విడిచిపోయిన యిల్లు శూన్యము. ఇట్టి మాటను ఒక మతమునకు బిరుదుగా తగిలించినప్పుడు, ఆ మతము సంగతి వేరుగ విచారింప నక్కఱలేదని జనులు తలచుటలో వింత లేదు. ఆత్మ లేదనిరి, మనస్సు శూన్యమనిరి, ఇక పుణ్యపాపము లెవ్వరివని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములందు చదువుకొన్న పెద్దమనుష్యులు సైతము బౌద్ధమును ఒక్క మాటతో ముగించుట కలదు. ఈ తీర్పు న్యాయమైనదేనా యని విచారించుట మా యుద్దేశము. పాఠకులను బౌద్ధులను జేయుటకు గాదు. ఒక మతము చెప్పని మాటను చెప్పెనని నిందించుట ఎవ్వరికిని తగదు గనుక. అదియునుగాక, మనుష్యుడు తాను చేసిన పనికి ఎట్లు బాధ్యుడగును, తన నడవడిని మార్చుకొనగలడా లేదా యను ప్రశ్నలు ఈ విచారణలో ఇమిడియున్నవి.

2016 అక్టోబరులో వేర్వేరు జిల్లాలైన ఈ మూడు సీమలును విద్యకు చిరకాలము నుండి పేరొందినవి. గద్వాలకు విద్వద్గద్వాల యను ప్రసిద్ధియే యున్నది. వనపర్తి సంస్థానమును, కొల్లాపురము రాజధానిగాగల జటప్రోలు సంస్థానమును 1948 వఱకు నైజాము ఏలుబడిలో నుండియు పండితులను పోషించినవి. అచ్చటి సభలలో వ్యాకరణ తర్క వేదాంతములకు గౌరవము. ఆ శాస్త్రములను చదివినవారికి బౌద్ధుడు పూర్వపక్షిగా మాత్రమే పరిచితుడు. 14వ శతాబ్దపు సర్వదర్శనసంగ్రహమున చార్వాకుని వెనువెంట వచ్చువాడతడు. బ్రహ్మసూత్రముల రెండవ యధ్యాయపు రెండవ పాదమున శంకర భగవత్పాదులు సర్వాస్తివాదమును, విజ్ఞానవాదమును విమర్శించిన పిమ్మట, శూన్యవాదము సర్వప్రమాణములకును విరుద్ధము గావున దానిని ఖండించుటకై శ్రమపడ నక్కఱలేదని విడిచిరి. గురువులు అంతటితో విడిచినదానిని శిష్యులు తిరిగి యేల తడవుదురు?

ఇందులకు మన పండితులను నిందింపరాదు. వారి చేతికి మూలగ్రంథములు రాలేదు. నాగార్జునాచార్యుల మధ్యమకశాస్త్రము చంద్రకీర్తి వ్యాఖ్యతో గూడ సంస్కృతమున 1903 మొదలు 1913 వఱకు రష్యాదేశమున సెయింటు పీటర్సుబర్గులో భాగములుగ అచ్చయినది. సంప్రదాయము కృష్ణాతీరముతో ముడిపెట్టిన ఆచార్యుని గ్రంథము నీవా నది యొడ్డున అచ్చుపడవలసివచ్చుట మన దేశపు విద్యాచరిత్రలో ఒక విచిత్రము. శాంతరక్షితుని తత్త్వసంగ్రహము బరోడాలో 1926లో వెలువడినది. ధర్మకీర్తి ప్రమాణవార్తికపు సంస్కృత ప్రతులను రాహుల సాంకృత్యాయనుడు 1930 తరువాత టిబెట్టు మఠములందు వెదకి వెలికిదీయవలసివచ్చినది. కాబట్టి మన పెద్దలు ఒక పక్షపు వకీలు వాదము మాత్రమే వినిన న్యాయాధిపతుల వలె నుండిరి. నేడు రెండవ పక్షపు కాగితములును దొరకుచున్నవి. ఇంకను పాత తీర్పునే చదువుచుండుట మాత్రము క్షమింపదగినది కాదు.

మొట్టమొదట మాటల సంగతి చూడవలెను. పూర్వపు బౌద్ధసూత్రములందు చిత్తము, మనస్సు, విజ్ఞానము అను మూడును ఇంచుమించు ఒకే యర్థమున వచ్చును. మనకో, విజ్ఞానమనగా రసాయనశాస్త్రము మొదలైనవి తోచును. విజ్ఞానవాదమనగా నవీనశాస్త్రముల పక్షమని భ్రమపడినవారిని మే మెఱుగుదుము. వాసన యనగా మనకు ముక్కునకు దోచునది. వారికి గడచిన యనుభవము విడిచిపోయిన జాడ. ఇక చిత్తమా, దొరల కొలువులో సేవకుడు చేతులు కట్టుకొని పలుకు బదులు! ఈ యర్థములన్నిటిని ప్రక్కకు పెట్టినగాని బౌద్ధుల మాట వినబడదు. విజ్ఞానమనగా వారి భాషలో ఎఱుక. ఒక విషయమును ఎఱుగుట యను క్రియ. కన్నును రూపమును కూడినచో కంటి యెఱుక, చెవియు శబ్దమును కూడినచో చెవి యెఱుక. ఎఱుగుటయే కలదు గాని, ఎఱుగుటకు వెనుక గద్దె వేసికొని కూర్చున్న దొర యొకడు కానరాడని వారి పక్షము.

ఈ విషయమున బుద్ధుని జీవితకాలముననే పొరపాటు పుట్టినది. మజ్ఝిమనికాయమున 38వ సూత్రమునందు సాతియను భిక్షువు కథ యున్నది. అతడు పల్లెవాని కుమారుడు. ఒకే విజ్ఞానము మార్పులేక జన్మమునుండి జన్మమునకు పోవుచు, మాటలాడుచు, అనుభవించుచు నుండునని గురువు బోధించినట్లు అతడు చెప్పుకొనుచుండెను. బుద్ధుడతనిని పిలిపించి, నేను అట్లెవ్వరికి బోధించితినని గట్టిగా మందలించి, ఎఱుక కారణములు లేనిదే పుట్టదని అగ్ని దృష్టాంతము చెప్పెను. కట్టెలవలన మండునది కట్టెనిప్పు, పిడకలవలన మండునది పిడకనిప్పు, ఊకవలన మండునది ఊకనిప్పు. ఇంధనమును విడిచి వేరుగ అగ్ని యెచ్చట నున్నదని యడిగిన అర్థము లేదు. అంతమాత్రమున అగ్నియే లేదనువాడు చేయి పెట్టి చూచుకొనవచ్చును!

కనుక పొరపాట్లు రెండు విధములు. చిత్తము లేనేలేదని చెప్పిరనుట యొకటి. ఆత్మనే వేరుపేరున చెప్పిరనుట రెండవది. ఈ రెండవది మర్యాదగా కనబడును. సర్వమతసమన్వయము కోరు మన సభలలో దీనికి ఆదరము హెచ్చు. చిత్తము స్వయముగా ప్రకాశమానమనియు, మలములు బయటనుండి వచ్చినవనియు అంగుత్తరనికాయమున నున్న మాటను చూపి, ఇదిగో ఉపనిషత్తుల ఆత్మయే యని సంతోషింతురు. కాని సంయుత్తనికాయమున మఱియొక సూత్రము కలదు. ఆత్మయని దేనినైన పట్టుకొనవలసినచో చిత్తముకంటె ఈ శరీరమునే పట్టుకొనుట మేలు, ఇది పదియేండ్లో, ముప్పదియేండ్లో, నూరేండ్లో నిలుచుట కానవచ్చును, చిత్తమో రేయింబవళ్లు ఒకటిగ పుట్టి వేఱొకటిగ నశించుచుండునని అందున్నది. అడవిలో కోతి యొక కొమ్మ విడిచి మఱొక కొమ్మ పట్టినట్లని యుపమానము. ఇట్లు చెప్పినవానిచేత నిత్యచిత్తమును ఒప్పించుట స్నేహము కాదు, బలాత్కారము.

ఈ తగవు ఉత్తరదేశమునకే పరిమితమైనది కాదు. జూరాల దాటి, అలంపురము చెంత తుంగభద్రను కలుపుకొని, సోమశిలమీదుగా నల్లమల లోయలో ప్రవేశించు కృష్ణ, శ్రీశైలము దాటిన పిమ్మట నాగార్జునకొండను జేరును. 1926లో బయల్పడిన యాక్షేత్రము ఇప్పుడు సాగరజలములనడుమ ద్వీపముగ మిగిలినది. అచ్చటి యిక్ష్వాకుల కాలపు శాసనములలో అపరశైలీయుల పేరు కలదు. వీరును పూర్వశైలీయులు మొదలైనవారును పాలి వ్యాఖ్యానములలో అంధకులని పిలువబడిరి. కథావత్థువను వాదగ్రంథమున, ఒకే చిత్తము దినమంతయు నిలుచునాయని యొక ప్రశ్న వచ్చును. ధ్యానమున నున్నవాని మనస్సు ఎడతెగక నిలుచుట చూచి, ఒక్కచిత్తము చాలకాలము నిలుచునని అంధకులు తలచిరని వ్యాఖ్యాత చెప్పుచున్నాడు. అట్లయిన పుట్టుటకు సగము దినము, గిట్టుటకు సగము దినము పట్టునా యని ప్రతిపక్షము ఎదురడిగినది. మన దేశపు భిక్షువులే చిత్తము నిడివిని గూర్చి యింత సూక్ష్మముగ వాదించియుండగా, చిత్తమే లేదనిరని వారిమీద నెపము వేయుట యెట్లు పొసగును? లేనిదానికి నిడివి కొలుచువా డుండడు.

ఇక బలమైన యాక్షేపణ జ్ఞాపకమును గూర్చినది. నిన్న చూచినవాడును నేడు తలచువాడును ఒక్కడు కానిచో జ్ఞాపక మెట్లు కలుగునని శంకర భగవత్పాదులును, తరువాత ఉదయనాచార్యులును అడిగిరి. ఈ ప్రశ్న గద్వాలవారికి పుస్తకములో చదువ నక్కఱలేదు. ఈ సంస్థానములు అవధానములకు ఆటపట్టులు. తిరుపతి వేంకటకవులు గద్వాల, ఆత్మకూరు, వనపర్తి సంస్థానములను దర్శించినవారే. వారి కృతులలో బుద్ధచరిత్రమును కలదు. నూర్గురు పృచ్ఛకు లడిగిన చరణములను వరుసగ పూరించి, కడపట ఒక్క యక్షరము తప్పక ధారణ చేయు అవధానిని చూచినప్పుడు, లోపల కదలని సాక్షి యొకడున్నాడని యెవ్వరికి తోచదు? బౌద్ధుడు ఆ ధారణను కాదనడు. కదలనిది జ్ఞాపకము పెట్టుకొనజాలదని అతని వాదము. మొదటి చరణము విన్నప్పుడు చిత్తమున మార్పు గలిగినది. ఆ మార్పు పొందిన చిత్తము తరువాతి చిత్తమునకు కారణమైనది. అట్లు వరుసగ వచ్చినదే ధారణ. ఏమియు అంటని సాక్షికి చరణము వినక పూర్వము, వినిన తరువాత భేదము లేదు. భేదము లేనిచో వినుటవలన కలిగినదేమి?

ఇందులకు పూర్వులు ప్రత్తిగింజ దృష్టాంతము చెప్పుదురు. లక్కరంగు పట్టించిన గింజ నాటిన, ఎఱ్ఱని దూది కాయునట. గింజ మన్నులో కరగిపోయినను, ఆ పరంపరలోనే రంగు తేలును గాని పొరుగు చేనిలో తేలదు. ప్రత్తివిత్తనమునకు పేరుపడిన నడిగడ్డ రైతులు లక్కరంగు మాట విని నవ్వుదురు. వారి నవ్వు న్యాయమే. కాని పూవునకు పూవును చేతితో అంటించి కలిగించిన గుణము, ఆ పూవు రాలిపోయిన పిమ్మట వచ్చు గింజలో కనబడుట వారికి జీవనోపాధి. దృష్టాంతము సరికాకపోయినను న్యాయము చెడలేదు.

బాధ్యతను గూర్చియు ఇదే సమాధానము. మిలిందప్రశ్నములందు యవనరాజగు మిలిందునకు నాగసేనుడు మామిడిపండ్ల దొంగ సంగతి చెప్పెను. నాటినవాని టెంక వేరు, నేను కోసిన పండు వేరు, కావున నేను దొంగను గానని వాడు వాదించిన రాజు ఒప్పుకొనునా? ఒప్పుకొనడు, ఆ టెంకవలననే యీ పండు వచ్చినది. డాక్టరు అంబేడ్కరుగారు 1956 అక్టోబరు 14వ తేదీన నాగపురమున బౌద్ధమును స్వీకరించిరి. మరుసటి యేట ప్రకటితమైన తమ బుద్ధధర్మ గ్రంథమునకు పీఠిక వ్రాయుచు, ఆత్మ లేనిచో కర్మ పునర్జన్మములెట్లను చిక్కును దాచక ముందుంచిరి. భక్తులు దాచుదురు, విచారణాపరులు ముందుంతురు.

నాగార్జునాచార్యుల శూన్యమునకు వత్తము. వారు చెప్పిన శూన్యము అభావము కాదు. కారణములతో పనిలేక తనంతట తానుండు స్వభావము దేనికిని లేదనుటయే శూన్యత, చిత్తమునకును లేదు. మధ్యమకశాస్త్రము 24వ ప్రకరణమున ప్రతివాది వచ్చి, అంతయు శూన్యమైనచో ధర్మము, సంఘము, పుణ్యపాపములు అన్నియు చెడునని మొఱపెట్టును. సరిగా గద్వాల పెద్దమనుష్యుని మాటయే! ఆచార్యులు వాదమును తలక్రిందులు చేసిరి. ప్రతిదానికి మార్పులేని స్వభావమున్నచో దుఃఖితుడు ఎప్పటికిని దుఃఖితుడే, మూఢుడు ఎప్పటికిని మూఢుడే. స్వభావము లేకుండుటచేతనే మార్పు సాధ్యమగుచున్నది. శూన్యతను తప్పుగా గ్రహించినవాడు పామును తప్పుగా పట్టినవానివలె చెడునని హెచ్చరించినవారును వారే. ఆచార్యులు కులమును గూర్చి యా ప్రకరణమును వ్రాయలేదు. ఐనను, ఫలాని యింట పుట్టినవాని బుద్ధి పుట్టుకతోనే యింతయని తీర్పు చెప్పువారు ఇప్పటికిని మన గ్రామములందు కలరు. అట్టివారు ఆ ప్రకరణము చదివిన తమ తీర్పునకు ఆధారము వెదకుకొనవలసివచ్చును. తలపులన్నిటిని తుడిచి మనస్సును ఖాళీచేయుటయే బౌద్ధధ్యానమని యిటీవల ప్రచారమగుచున్న మాటకును ఇందు తావులేదు.

విజ్ఞానవాదులను గూర్చి యొక్క మాట చాలును. లోకమంతయు నా యొక్కని కలయని వారు చెప్పిరందురు. 7వ శతాబ్దివాడగు ధర్మకీర్తి, ఇతరులకును చిత్తములు కలవని స్థాపించుటకే సంతానాంతరసిద్ధియను గ్రంథము వ్రాసెను; అది టిబెట్టు భాషలో నిలిచియున్నది.

బౌద్ధమతమునకు ఎదురుచెప్పరాదని మా మతము కాదు. చెప్పదగిన చోటు వేఱు. కార్యకారణ పరంపరయే జ్ఞాపకమునకు చాలినచో, గురువు చిత్తము శిష్యుని చిత్తమునకు కారణమగుచున్నది గదా, గురువు చూచినది శిష్యునకేల జ్ఞాపకము రాదు? ఉపాదానకారణము వేఱు, సహకారికారణము వేఱని బౌద్ధుల యుత్తరము. శిష్యునికి తన పూర్వచిత్తమే మన్నునకు కుండవంటి సంబంధము గలది, గురువు కుమ్మరివంటివాడు. మట్టి విషయమున ఈ భేదము కంటికి కనబడుచున్నది. చిత్తము విషయమున, రెండు క్షణములు ఒకే పరంపరకు చెందినవని ముందుగ నిశ్చయించుకొనక ఈ భేదమును చూపగలరా యను సందేహము మాకు తీరలేదు. నైయాయికులును బౌద్ధులును శతాబ్దములతరబడి నిజముగ పోరాడిన స్థల మిది. ఆ పోరాటపు ఉభయపక్ష గ్రంథములును ఇప్పుడు అచ్చులో నున్నవి.