పెత్తనము తీరు - పనివారి నడత

సహకార సంఘపు మేలుకీడులు అధ్యక్షుని మంచితనముపై ఆధారపడియున్నవని మన గ్రామములలో చెప్పుకొందురు. అది సగము మాటయే. గిడ్డంగిలో ఎరువుబస్తాలు తూచువాడు, అప్పుల ఖాతా వ్రాయు గుమాస్తా, రాత్రి కాపలా యుండువాడు, వీరి చేతులమీదుగనే సంఘపు పని యంతయు నడచుచున్నది. సంఘమునకు వచ్చిన రైతుకు ముందుగా కనబడునది గుమాస్తా ముఖమే. అందుచే అధ్యక్షుడును పాలకవర్గమువారును ఈ జీతగాండ్రతో ఏవిధముగా మెలగుచున్నారన్నది సభ్యులందఱును విచారింపవలసిన విషయము. దీనినిగూర్చి అమెరికా దేశమున జరిగిన రెండు పరిశోధనలను పాఠకులకు తెలుపదలచినాము.

మొదటిది అయోవా విశ్వవిద్యాలయములో 1938, 1939 ప్రాంతమున జరిగినది. కర్ట్ లెవిన్ అను మనశ్శాస్త్రజ్ఞుడు 1933లో జర్మనీ విడిచి అమెరికా చేరినవాడు. హిట్లరు పెత్తనమును కన్నులార చూచిన మనుజుడు గనుక ఆయనకు ఈ ప్రశ్న వట్టి పుస్తకపు ప్రశ్న గాదు. ఆయనయు, లిప్పిట్, వైట్ అను మఱి యిద్దఱును పది పదునొకండేండ్ల బాలురను చిన్న జట్లుగా చేర్చి, బొమ్మలు చెక్కుట, రంగులు వేయుట మొదలగు చేతిపనులు చేయించిరి. ఒకవిధపు నాయకుడు అన్నియు తానే నిర్ణయించి ఆజ్ఞలిచ్చుచుండెను. రెండవవిధపువాడు బాలురతో కలసి ఆలోచించి పని నిశ్చయించెను. మూడవవాడు అంతయు వారికే వదలి ఊరకుండెను.

మూడవవాని జట్టున పని మిక్కిలి తక్కువగా జరిగినది. ఇందు వింత లేదు. ఆజ్ఞలిచ్చు నాయకునికి లొంగియున్న జట్లలో, అతడు ఎదుటనున్నంతసేపు కాలములో నూటికి 74 పాళ్లు పనిలోనే గడచెను. కలసి ఆలోచించిన జట్లలో 50 పాళ్లు మాత్రమే. ఇంతవఱకు చదివి పెత్తందారులు సంతోషింపవచ్చును! కాని నాయకుడు గది దాటగానే మొదటి జట్లలో ఆ 74 కాస్తయు 29కి పడిపోయెను. రెండవ జట్లలో 50 పాళ్లు 46 వద్ద నిలిచెను. గట్టుమీద ఆసామి నిలిచియున్నపుడు నాట్లు ఎట్లు సాగునో, అతడు భోజనమునకు పోయినపుడు ఎట్లు సాగునో ఎఱిగిన మన రైతులకు ఈ లెక్క క్రొత్తది గాదు. సంఘపు అధ్యక్షుడు దినమంతయు గిడ్డంగిలో కూర్చుండువాడు గాదు, అతనికిని సేద్యమున్నది. కావున మనము చూడవలసినది 74ను గాదు, 29కిని 46కును గల తేడాను.

పిల్లల ఆటలతో పెద్దల కూలిపనిని పోల్చవచ్చునా యని కొందఱు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. అందులకే రెండవ పరిశోధన. వర్జీనియా రాష్ట్రమున మేరియన్ అను ఊర హార్వుడ్ కంపెనీవారి పైజామాల కర్మాగారము ఉండెను. లెవిన్ (ఈయన 1947లో మరణించెను) అచటి పరిశోధనలకు తోడ్పడినవాడే. ఆ కర్మాగారమున కోచ్, ఫ్రెంచ్ అనువారు చేసిన పరీక్ష 1948లో ప్రకటింపబడెను. పని కొలదిని కూలి; గంటకు 60 ప్రమాణముల పని అచటి మట్టము. పని పద్ధతి మార్చినపుడెల్ల పనివారలు మనసు విఱిగి వెనుకబడుచుండిరి, మానుకొనుచుండిరి.

ఇస్త్రీ చేసిన ఉడుపులను అరడజనుచొప్పున అట్టపై పేర్చుటకు మాఱుగా పెట్టెలో పేర్చవలెనని 18 మంది జట్టునకు చెప్పిరి. మార్పు ఏల వచ్చెనో వివరించిరి, ప్రశ్నలకు బదులు చెప్పిరి, పనికి పంపిరి. ఇందులో కాఠిన్యమేమియు లేదు. మన సంఘములు కొన్నింట ఈపాటి మర్యాదయు అరుదు. అయినను పని 50 దాపున నిలిచిపోయెను. 40 దినములలో నూటికి 17గురు మానుకొనిరి. కూలిరేటు అన్యాయమని ఫిర్యాదులు పెట్టిరి; విచారింపగా ఆ రేటు కొంచెము వారికి లాభకరముగనే యుండెను!

వేఱు రెండు జట్లకు పద్ధతి మార్పు వచ్చినపుడు, మార్పు ఎట్లు చేయవలెనో వారినందఱిని కూర్చుండబెట్టి అడిగిరి. వారు చెప్పిన సూచనలను వ్రాసికొనలేక లేఖకుడు అవస్థపడెనట. ఆ జట్లలో ఒక్కరును మానలేదు. పని మునుపటికంటె నూటికి 14 పాళ్లు హెచ్చెను. రెండున్నర నెలల పిమ్మట మొదటి జట్టున మిగిలిన 13 మందిని వేఱుపనికి మార్చునపుడు ఇదే పద్ధతి అవలంబింపగా వారును అట్లే పైకి వచ్చిరి. ఈ కడపటి సంగతియే మాకు ముఖ్యముగా తోచుచున్నది. సోమరులని పేరుపడినవారే వారు; మారినది పెత్తనము తీరు.

ఇది మనకు దూరపు ముచ్చట గాదు. దేశములోని 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘముల లెక్కలను కంప్యూటరులోనికి మార్చుటకు 2022లో కేంద్ర ప్రభుత్వము 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించెను. చేతితో దస్తరములు వ్రాయుటకు అలవడిన గుమాస్తాకు ఇది అట్టకు మాఱుగా పెట్టె వచ్చినట్టిదే, అంతకంటె పెద్దది. "రేపటినుండి దీనిలో ఎక్కింపుము" అని తాళపుచెవి చేతికిచ్చి పోవు అధ్యక్షునికి ఏమి జరుగునో పై లెక్కలే చెప్పుచున్నవి. భయపడిన గుమాస్తా తెలియనిదానిని తెలియదని చెప్పడు. తప్పు లెక్క ఎక్కును. చెల్లించిన అప్పు బాకీగా నిలిచి రైతుకు క్రొత్త అప్పు పుట్టదు.

అడిగి చేయుట యన్న ప్రతిదానిని చర్చకు పెట్టుట కాదు. బస్తా తూకము, దినదినపు నగదు నిలువ, వీనిని ఎవరి యిష్టమునకును విడువరాదు. చెప్పక వచ్చి తనిఖీ చేయవలసినదే. ఊరక వదలివేయుట వేఱు, తగినవానికి అప్పగించుట వేఱు. గుజరాతునందు 1946లో రిజిస్టరయిన ఖేడా జిల్లా పాల సంఘమున అధ్యక్షుడు త్రిభువనదాస్ పటేల్ రైతులను కూర్చుకొని నిలిచెను. 1950నుండి కర్మాగారపు నిర్వహణము కురియన్ చూచెను. ఎవరి పని వారిది.

కావున కంప్యూటరు పెట్టదలచిన పాలకవర్గమువారు గుమాస్తాను, తూకమువానిని పిలిచి, ఏ పుస్తకము ముందు ఎక్కింపవలెను, ఏ సభ్యుల ఖాతాలలో చిక్కున్నది, ఎన్నాళ్లు చేతిపుస్తకమును కంప్యూటరును జతగా నడపవలెను అని అడిగి వ్రాసికొనవలెను. ఈ సమావేశము వేసవిలోనే జరుగవలెను. ఖరీఫు అప్పులకు రైతులు వాకిట వరుసకట్టినపుడు వారిలో ఎవరికిని మాటలాడుటకు తీరికయుండదు.