ఎప్పుడు పోయింది?

జహీరాబాద్ ఫ్యాక్టరీల్లో, చక్కెర మిల్లుల్లో, బ్యాంకుల్లో నెట్‌వర్క్ చూసుకునే యువతకు ఈ మాటలు. పెద్ద ఇంజినీరు సుమారు 100 కిలోమీటర్ల దూరాన హైదరాబాద్‌లో ఉంటాడు. షిఫ్టులో మీరొక్కరే. సర్వర్ ఐపీని పేరుగా మార్చే రివర్స్ డీఎన్‌ఎస్ రికార్డు (పీటీఆర్) మాయమైంది. లాగుల్లో పేర్ల బదులు అంకెలే కనిపిస్తున్నాయి. వెంటనే నోటికొచ్చే ప్రశ్న, "ఎవరు తీసేశారు?"

ఆ ప్రశ్న మానేయండి. అది మనుషుల మధ్య గొడవ పెడుతుంది తప్ప రికార్డును తిరిగి తేదు. "ఎప్పుడు పోయింది?" అని అడగండి. రోజులు లెక్కపెడితే కోపం చల్లారుతుంది, కారణమూ దొరుకుతుంది.

విండోస్ సర్వర్‌నే తీసుకోండి. డీహెచ్‌సీపీ లీజు మామూలుగా 8 రోజులు. సాధారణ అమరికలో కంప్యూటర్ తన పేరు రికార్డును తానే రాసుకుంటుంది, వెనకవైపు పీటీఆర్ రికార్డు మాత్రం డీహెచ్‌సీపీ రాస్తుంది. పేరు నిక్షేపంగా ఉండి పీటీఆర్ ఒక్కటే పోవడానికి తరచూ మూలం ఇక్కడే ఉంటుంది. యంత్రానికి స్థిరమైన ఐపీ ఇచ్చేశాం, పాత లీజు సంగతి మరిచిపోయాం. గడువు ముగిసిన రోజున డీహెచ్‌సీపీ తాను రాసినది తానే చెరిపేస్తుంది. ఎవరి తప్పూ లేదు, అది దాని పని.

రికార్డు చివరిసారి తాజా అయ్యాక 14 నుంచి 21 రోజుల మధ్య పోయిందా? స్కావెంజింగ్‌ను అనుమానించండి. ఎవరైనా దాన్ని ఆన్ చేసి ఉంటే, 7 రోజుల నో-రిఫ్రెష్, 7 రోజుల రిఫ్రెష్ గడిచినా తాజా కాని రికార్డును పాతదిగా లెక్కేసి, వారానికోసారి ఊడ్చేస్తుంది. స్కావెంజింగ్ జరిగినట్టు చెప్పే 2501 ఐడీ ఈవెంట్ లాగులో ఉందేమో చూడండి. స్కావెంజింగ్‌ను ఆపేయాలని తొందరపడొద్దు, చెత్త పేరుకుపోతుంది. యంత్రం ఎందుకు తాజా చేసుకోలేకపోతోందో వెతకండి: నెట్‌వర్క్ కార్డులో డీఎన్‌ఎస్ నమోదు టిక్ తీసేసి ఉందా? సెక్యూరిటీ ట్యాబ్‌లో రికార్డు యజమాని ఇంకెవరైనా ఉన్నారా?

రికార్డును చేత్తో మళ్లీ చేర్చడం నిమిషం పని. ఆ నిమిషంలో దొరికే ఉపశమనమే మనల్ని సోమరుల్ని చేస్తుందని నా గట్టి నమ్మకం. చేర్చే ముందు తేదీ, టైమ్‌స్టాంప్, లీజు గడువు ఒక పుస్తకంలో రాసుకోండి. తర్వాతి షిఫ్టువాళ్లకు చూపించండి, వాళ్లనూ రాయమనండి.

సరిచేశాక 22వ రోజున ఇంకోసారి చూడండి. రికార్డు అక్కడే ఉంటే అప్పుడు హైదరాబాద్‌కు ఫోన్ చేసి పని పూర్తయిందని చెప్పండి.