ఎక్స్‌రే గదిలోని ఉద్యోగి – పంచాయతీల కర్తవ్యము

కదిరి ప్రాంతమున వానలు తక్కువ. అనేక గ్రామములలో లోతైన గొట్టపుబావుల నీటియందు ఫ్లోరైడు హెచ్చు. అట్టి నీటిని ఏండ్ల తరబడి త్రాగినవారికి నడుము వంగదు, మెడ తిరుగదు. మన దేశమున 1937లో నాటి నెల్లూరు జిల్లాలో మొదట గుర్తింపబడిన ఈ ఎముకల వ్యాధిని నిర్ధారించుటకు ఎక్స్‌రే చిత్రము ముఖ్య సాధనము. క్షయ అనుమానము కలిగినను, బండిపై నుండి పడి చేయి విరిగినను, మనవారు కదిరి ప్రభుత్వాసుపత్రికి పోవుదురు. చికిత్స చేసిన వైద్యుని పేరు ఊరంతటికి తెలియును. చిత్రము తీసిన రేడియోగ్రాఫరు పేరు ఎవ్వరును అడుగరు. ఆ ఉద్యోగి పని పరిస్థితులు గ్రామక్షేమమునకు సంబంధించినవని తెలుపుటయే ఈ పాఠము ఉద్దేశము.

కిరణములు – రక్షణ

జర్మనీ శాస్త్రజ్ఞుడు రాంట్జెన్ 1895 నవంబరు 8వ తేదీన ఈ కిరణములను కనుగొనెను. వాని హాని తొలిదినములలో తెలియదు. ఎడిసన్ సహాయకుడు క్లారెన్స్ డాలీ వీనితో పనిచేసి, చేతులు కోల్పోయి, 1904లో మరణించెను. అట్టి అనుభవముల నుండియే నేటి నియమములు పుట్టినవి.

మన దేశమున ఈ విషయమును 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి పర్యవేక్షించుచున్నది. ఉద్యోగి శరీరమునకు సోకు కిరణముల మోతాదు ఐదేండ్లలో 100 మిల్లీసీవర్టులను, ఏ ఒక్క ఏటనైనను 30 మిల్లీసీవర్టులను మించరాదు. ఆ మోతాదును కొలుచుటకు రొమ్ముపై చిన్న బిళ్ల ధరింపవలెను. దానిని మూడు నెలలకొకసారి పరీక్షకు పంపుదురు. సీసపు ఆప్రాను, అడ్డుతెర ఉండవలెను. దూరము రెట్టింపైనచో కిరణముల తీవ్రత నాల్గవ వంతుకు తగ్గును. యంత్రమును ఆపినంతనే కిరణములు ఆగిపోవును, గదిలో నిలిచియుండవు. కావున నియమములు పాటించుచోట భయమునకు తావులేదు. పాటింపనిచోట నష్టము మొదట ఉద్యోగిదే.

అలసట – ఒత్తిడి

రోగులను బల్లపైకి ఎత్తుట, దించుట వలన నడుము నొప్పి కలుగును. రాత్రివేళ ఒక్కరే పనిలోనున్నచో విశ్రాంతి యుండదు. అలసిన చేతితో తీసిన చిత్రము మసకబారును, మరల తీయవలసివచ్చును. అప్పుడు రోగికిని రెండవసారి కిరణములు సోకును.

ఇంకొక బాధ మనవారి వలననే కలుగుచున్నది. ఊరి తగాదాలో ఎముక విరిగినచో చట్టము దానిని తీవ్రగాయముగా పరిగణించును. అందుచే ఇరుపక్షములవారును గుంపుగా వచ్చి, తమకు అనుకూలమైన ఫలితము కావలెనని రేడియోగ్రాఫరును నిర్బంధించుట కద్దు. చిత్రము తీయుట మాత్రమే ఆ ఉద్యోగి విధి. దానిని చూచి నిర్ణయము వ్రాయువారు వైద్యులు. భయపడుచు పనిచేయు మనిషి నుండి మంచి పనిని ఆశింపరాదు.

సభ్యులు చేయదగిన పనులు

1. రోగి వెంట ఒక్కరినే పంపవలెను. ఎర్రదీపము వెలుగుచుండగా తలుపు తెరువరాదని గ్రామసభలో చెప్పవలెను.

2. పాత చిత్రములను, వైద్యుని చీటిని వెంట తీసికొనిపోవునట్లు చూడవలెను. అనవసరముగా మరల తీయు పని తప్పును.

3. గర్భిణీస్త్రీలు ఆ సంగతిని ముందుగనే చెప్పవలెను. కదలు పిల్లలను పట్టుకొనుటకు గర్భిణులను గాని, బాలురను గాని పంపరాదు. ఆ పనిని ప్రతిసారి రేడియోగ్రాఫరుకు అప్పగించుటయు తగదు.

4. ఆసుపత్రి అధికారులతో మాటలాడు అవకాశము వచ్చినపుడు బిళ్లలు సకాలమున పరీక్షకు పోవుచున్నవా, ఆప్రానులు పగుళ్లు లేక యున్నవా, రాత్రిపని వంతులవారీగా జరుగుచున్నదా యని విచారింపవలెను.

5. తగాదా కేసులలో తాము సిఫారసు చేయరాదు, ఇతరులను చేయనీయరాదు.

వీనిలో మొదటి మూడింటికిని, ఐదవదానికిని ప్రభుత్వ నిధులు అక్కరలేదు. రాబోవు గ్రామసభలోనే వానిని ప్రారంభింపవచ్చును.