ఇవాళ కూడా నాన్న ఇంట్లోనేనా?

2020లో, కరోనా జబ్బు ప్రబలుతున్నప్పుడు, శార్వరి ఉగాది రోజు మధ్యాహ్నం హైదరాబాద్ నుంచి ఒక తండ్రి ఫోన్ చేశారు. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, రిటైరైనా ఇలాంటి ఫోన్లు వస్తూనే ఉంటాయి. ముందురోజు రాత్రి ఎనిమిదింటికి ప్రధాని టీవీలో 21 రోజుల లాక్‌డౌన్ ప్రకటించాక ఆయనకు నిద్ర పట్టలేదట. ఒకటో తారీఖున జీతం పడుతుందో లేదో తెలియదు. ఆదివారం జనతా కర్ఫ్యూ నుంచి ఇంట్లోనే ఉన్నారు. తెల్లవారగానే అయిదేళ్ళ కూతురు మంచమెక్కి "ఇవాళ కూడా నాన్న ఇంట్లోనేనా?" అని చప్పట్లు కొట్టిందట. "కసురుకున్నాను టీచర్ గారూ. పాప ముఖం చిన్నబోయింది. పండగపూట ఎందుకలా చేశానా అని పొద్దుట్నుంచీ మనసు మనసులో లేదు" అన్నారు.

ఆయన్ని ఏమనగలం? ఆ రోజుల్లో ఆ దిగులు మనందరిదీ. కానీ ఆ పాప వైపు నుంచి ఒక్కసారి చూద్దాం. ఆమెకు ఊహ తెలిసినప్పటి నుంచి నాన్నంటే పొద్దున్నే వెళ్ళిపోయి, తను నిద్రపోయాక వచ్చే మనిషి. ఇప్పుడు నాన్న పక్కనే కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. ఆమె లెక్కలో ఇది పండగే. మనకు ఆపదగా కనిపించే రోజే పిల్లలకు వరంగా కనిపించవచ్చు. ఇద్దరిలో ఎవరి లెక్కా తప్పు కాదు. ఆ వరాన్ని పట్టుకున్నందుకు పిల్లలు మన ముందు దోషుల్లా నిలబడకుండా చూసుకుంటే చాలు.

లాక్‌డౌన్ మొదలై అప్పటికి వారం కూడా కాలేదు. అంతలోనే తల్లులు అడిగిన మొదటి ప్రశ్న "టైమ్‌టేబుల్ ఏం వేయమంటారు?" అని. కొన్ని బడులు అప్పుడే ఫోన్లో పాఠాలు పంపడం మొదలుపెట్టాయి. పిల్లలు వెనకబడిపోతారన్న భయం మనల్ని తరిమింది. ఆ భయం ప్రేమలోంచే వచ్చిందని నాకు తెలుసు. అయినా చెప్పక తప్పదు: గంటకో సబ్జెక్టు రాసి గోడకు అంటించిన కాగితం పిల్లల కోసం కాదు, మన కంగారు తగ్గడం కోసం. ఆ కొద్ది వారాల్లో ఎక్కాల్లో వెనకబడితే తర్వాత నేర్పుకోవచ్చు. ఇంట్లో అందరూ భయపడుతున్నప్పుడు నన్నెవరూ దగ్గరకు తీసుకోలేదన్న గుర్తు మాత్రం తర్వాత చెరపలేం. అలాంటి రోజుల్లో లేచే వేళా, తినే వేళా, పడుకునే వేళా మారకుండా ఉంటే చాలు. మిగతా రోజు కాస్త వదులుగా ఉండనిద్దాం.

పదో తరగతి పిల్లలున్న ఇళ్ళలో ఆ భయం ఇంకొంచెం బరువైంది. తెలంగాణలో మూడు పరీక్షలు రాశాక మిగతావి వాయిదా పడ్డాయి. ఆంధ్రలో మొదలుకాకముందే ఆగాయి. ఏడాదంతా లాగి పట్టిన వింటినారి ఆ పిల్లలు. బాణం వదిలే రోజు ఎప్పుడో ఎవరూ చెప్పలేకపోయారు. అలాంటి పిల్లలు పొద్దెక్కేదాకా పడుకుంటే నాలుగు రోజులు పడుకోనివ్వండి. స్నేహితుడితో గంటసేపు ఫోన్లో మాట్లాడితే, "పుస్తకం తీశావా?" అన్న మాట నాలిక చివరిదాకా వచ్చినా ఆపుకోండి. ఆ ఇద్దరికీ ఒకరి బాధ ఒకరికే అర్థమవుతుంది.

ఇక చిన్నపిల్లల మనసు గురించి. ఆ రోజుల్లోనే ఒక తల్లి, ఎనిమిదేళ్ళ కొడుకు అన్నం ముట్టడం లేదని చెప్పింది. వేసవికి తాతగారి ఊరు తీసుకెళ్ళలేదని మొండికేశాడని ఆమె అనుకుంది. నేను వాడితో మాట్లాడాను. మామిడికాయల గురించి, తాతయ్య వాళ్ళ దూడ గురించి చాలాసేపు చెప్పాడు. చివర్లో గొంతు తగ్గించి, "టీచర్, అరవై దాటినవాళ్ళకి కరోనా వస్తే బతకరట కదా. తాతయ్యకి అరవై ఎనిమిది" అన్నాడు. వాళ్ళ హాల్లో టీవీ పొద్దస్తమానం నడిచేది. తెర కింద కరోనా కేసుల అంకెలు పెరుగుతూ ఉండేవి. వాడు ఆడుకుంటున్నాడని పెద్దవాళ్ళు అనుకున్నారు. వాడు మాత్రం తాతయ్య వయసు కూడుకుంటున్నాడు.

పిల్లలు భయాన్ని భయం అని చెప్పరు. కడుపునొప్పి అంటారు, అన్నం వద్దంటారు, ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలుపెడతారు, చెల్లెల్ని గిల్లుతారు. మనం వాటిని అల్లరి అని పేరు పెట్టి కోప్పడతాం. ఆ తల్లికి నేను చెప్పింది చిన్న విషయం. వార్తలు రోజుకు ఒకసారి, పిల్లవాడు లేనప్పుడు చూడమన్నాను. తాతయ్య ఇంట్లోనే ఉంటున్నారనీ, పెద్ద వయసువాళ్ళందరికీ అది వస్తుందని కాదనీ, వచ్చినవాళ్ళలో ఎక్కువమంది కోలుకుంటున్నారనీ ఉన్నదున్నట్టు చెప్పమన్నాను. సాయంత్రం అయిదింటికి రోజూ తాతయ్యకు ఫోన్ చేసే పని పిల్లవాడికి అప్పగించమన్నాను. ఆ తర్వాత తాతయ్య మందు వేసుకున్నారో లేదో అడిగింది వాడే. దూడ ఎంత పాలు తాగిందో రాసుకున్నాడు. మూడో రోజుకు పెరుగన్నం తిన్నాడట.

"నీకేం భయం లేదు, పోయి ఆడుకో" అన్న మాట పిల్లల్ని ఊరడించదు. మన ముఖంలో కనిపిస్తున్నది ఒకటి, నోటితో చెబుతున్నది ఒకటి అని వాళ్ళకు తెలిసిపోతుంది. దానికన్నా ఘోరం, ఆ దిగులుకు కారణం తామేనని అనుకుంటారు. "నాన్నకి ఆఫీసు విషయంలో కొంచెం బెంగగా ఉందమ్మా. నీవల్ల కాదు. నాన్న దానికి ఏదో ఒకటి చేస్తాడు" అని చెప్పిన ఇంట్లో పిల్లలు నిమ్మళంగా పడుకుంటారు. "నీవల్ల కాదు" అన్నది పైకి అనవలసిన మాట.

నాకు ఆ రోజుల్లో ఎక్కువ బెంగ కలిగించిన సంగతి ఇంకొకటి ఉంది. మామూలు రోజుల్లో అమ్మ తిడితే పిల్ల నాయనమ్మ దగ్గరికి పోతుంది, నాన్న కొడితే పక్కింటి పిన్ని గుమ్మంలో కూర్చుని ఏడుస్తుంది. సాయంత్రం వీధిలో ఆట ఆడి ఆ కోపాన్ని అక్కడే వదిలేసి వస్తుంది. లాక్‌డౌన్‌లో ఆ దారులన్నీ మూసుకుపోయాయి. తిట్టిన అమ్మ దగ్గరే ఏడవాలి, కొట్టిన నాన్న ఎదురుగానే అన్నం తినాలి. రెండు గదుల ఇంట్లో మన గొడవలు కూడా గోడ దాటకుండానే వాళ్ళ చెవిన పడతాయి. కాబట్టి చెయ్యి లేపేముందు ఈ ఒక్క విషయం గుర్తు తెచ్చుకుందాం: ఈ బిడ్డకు వేరే చోటు లేదు. కోపం మీదికి వస్తే మనమే డాబా మీదికో, వంటింట్లోకో వెళ్దాం. నోరు జారితే సాయంత్రంలోపు వెళ్ళి "తప్పు నాదే నాన్నా" అందాం. అలా అన్నందుకు పెద్దరికం తగ్గిన ఇల్లు నేను చూడలేదు.

మరి పిల్లలు ఇంట్లోనే ఉన్నప్పుడు రోజంతా ఏం చేయించాలి అంటే, వేరే ఏమీ కనిపెట్టనక్కర్లేదు. ఇంట్లో జరిగే పనిలోకి పిల్లల్ని రానివ్వండి. ఉగాది కొత్త చింతపండు వచ్చే కాలం. చాపేసుకుని కూర్చుని, గింజలు తీయడం వాళ్ళకు చూపించండి. ఈనెలు ఒక పక్క, గింజలు ఒక పక్క. అరచేయి పుల్లగా అవుతుంది, నాకుతారు, నాకనివ్వండి. ఆ గింజల్ని ఒక పక్క గచ్చు మీద అరగదీస్తే తెల్లబడతాయి. నాలుగు గింజలు, సుద్దముక్కతో గీసిన అయిదు వరసల గళ్ళు, అష్టాచమ్మా తయారు. నాలుగూ తెల్లగా పడితే చమ్మ, నాలుగూ నల్లగా పడితే అష్ట. మిగిలిన గింజలు వామనగుంటలకు పనికొస్తాయి. ఓడిపోయిన పిల్ల ఏడిస్తే ఓదార్చండి గాని, ప్రతిసారీ కావాలని ఓడిపోకండి. పిల్లలకు అది తెలిసిపోతుంది.

డాబా ఉన్నవాళ్ళు సగ్గుబియ్యం వడియాలు పెట్టుకునే ఎండలు అవి. కాకి రాకుండా కాపలా కాయడం పిల్లల ఉద్యోగం. ఉగాది తర్వాతి శనివారం నుంచి దూరదర్శన్‌లో ఉదయం తొమ్మిదికి, రాత్రి తొమ్మిదికి రామాయణం మళ్ళీ వేశారు. 1987లో దాన్ని చూడటానికి మనం ఎవరింట్లో కిటికీ పట్టుకు నిలబడ్డామో పిల్లలకు చెప్పండి. ఆ కథ కంటే మన కథే వాళ్ళకు ఎక్కువ నచ్చవచ్చు. ఆ తర్వాతి గురువారం శ్రీరామనవమి వచ్చింది. భద్రాచలంలో కల్యాణం ఆ ఏడాది భక్తులు లేకుండానే జరిగింది. పందిళ్ళు లేకపోయినా పానకం కలపడం మన చేతిలో పని. బెల్లం తరగడం మీరు చూసుకుని, మిరియాలు దంచడం వాళ్ళకివ్వండి. పెసరపప్పు నానిందో లేదో గంటగంటకూ చూసి వస్తారు.

ఈ పనులన్నిటికీ ఒక షరతు ఉంది, అది మనకు. ఫోన్ వేరే గదిలో ఉండాలి. ఒక చేత్తో గింజలు వేస్తూ ఇంకో చేత్తో వాట్సాప్ చూస్తుంటే, పక్కన ఉండి కూడా లేనివాళ్ళం అవుతాం. అది వాళ్ళకు ఆఫీసుకు వెళ్ళిపోయిన నాన్న కంటే ఎక్కువ నొప్పి.

ఆ రోజుల్లో మేడ్చల్ వైపు రోడ్డు మీద మూటలతో, చంకన బిడ్డలతో నడిచిపోతున్న కూలీలను టీవీలో చూసి పిల్లలు అడిగేవారు, "వాళ్ళెందుకు ఇంట్లో లేరు?" అని. అలాంటప్పుడు ఛానల్ మార్చేయకండి. వాళ్ళ ఇల్లు చాలా దూరమనీ, ఇక్కడ పని ఆగిపోయిందనీ నిజం చెప్పండి. మనం ఏమివ్వగలమో పిల్లల్నే అడగండి. వాళ్ళిచ్చిన జవాబు చిన్నదైనా దాన్ని చేసి చూపించండి.

ఉగాది నాడు ఫోన్ చేసిన తండ్రికి, పాప దగ్గరకు వెళ్ళి "అవునమ్మా, ఇవాళ కూడా ఇంట్లోనే" అని చెప్పమన్నాను. వెళ్ళి చెప్పారు. జీతం సంగతి ఆయనకు అప్పటికింకా తెలియదు. మీ ఇంట్లోనూ రేపు పొద్దున ఎవరో ఒకరు ఆ ప్రశ్న అడుగుతారు. టీవీ పెట్టకముందే జవాబు చెప్పండి.