లైనక్స్ అయితే వైరస్ రాదా?

కంప్యూటర్ క్లాసులో పిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఇది. లైనక్స్ గట్టిదే, కానీ పట్టించుకోకపోతే అదీ లొంగుతుంది. 2017 జూన్‌లో దక్షిణ కొరియాలోని నయానా అనే వెబ్ హోస్టింగ్ సంస్థకు చెందిన 153 లైనక్స్ సర్వర్లలో ఎరెబస్ అనే మాల్‌వేర్ దూరి ఫైళ్లకు తాళం వేసింది. 3,400కు పైగా వెబ్‌సైట్లు దెబ్బతిన్నాయి. చివరికి దాదాపు 10 లక్షల డాలర్లకు బేరం తెగింది. వాళ్లు వాడుతున్న అపాచీ, పీహెచ్‌పీ ఏనాటివో తెలుసా? 2006 నాటివి!

మీ పిల్లలు ప్రాజెక్టు కోసం సొంత సర్వర్ పెట్టుకుంటే, అప్‌డేట్ ఎప్పుడు చేశారో, బ్యాకప్ ఎక్కడ దాచారో అడగండి. అదే సర్వర్‌లో దాస్తే రెండూ కలిసే పోతాయి. పాస్‌వర్డ్ పుట్టినరోజు తేదీ అయితే (చాలామందిది అదే!) ఈరోజే మార్పించండి. ఎస్‌ఎస్‌హెచ్ కీ ఇంకా మేలు.