నా కాలి స్ప్లింటు ఎలా తయారైంది?

నేను హాస్టల్లో చేరిన రోజు నుంచీ మీరందరూ అడిగేది ఒకటే: "ఒరేయ్, నీ బూటులో ఆ తెల్ల ప్లాస్టిక్ చిప్ప ఏమిట్రా?" ఒక్కొక్కరికీ చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

చాలామంది పోలియో అనుకుంటారు. కాదు. సహజ పోలియో వైరస్ చివరి కేసు మన దేశంలో 2011 జనవరిలో, హౌరా జిల్లాలో వచ్చింది. నాకు రెండో తరగతిలో జ్వరమొస్తే పిర్రకు వేసిన సూది నరానికి తగిలింది. అప్పటినుంచి కుడి పాదం పైకి లేవదు, నడుస్తుంటే వేళ్ళు నేలకు తన్నుకుంటాయి. పాదాన్ని వేలాడనీయకుండా 90 డిగ్రీల్లో నిలిపేదే స్ప్లింటు.

మా మావయ్య కొత్తపేట దగ్గర కొబ్బరి దింపు పని చేస్తాడు. వేసవి సెలవుల్లో నన్ను అమలాపురంలో ఒక చిన్న వర్క్‌షాపుకు తీసికెళ్ళాడు. ముందు కాలికి పల్చటి గుడ్డ తొడిగి, ఎముకలు పొడుచుకొచ్చిన చోట్ల ఊదారంగు పెన్సిలుతో గుర్తులు పెట్టారు. పైన తడి పిండికట్టు చుట్టారు. అది గట్టిపడ్డాక ముందువైపు కోసి తీస్తే, లోపల నా గుర్తులన్నీ దిగి ఉన్నాయి! ఆ గుల్లలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోస్తే నా కాలి బొమ్మ తయారు. అసలు పనితనం ఇక్కడే ఉంది. చీలమండ దగ్గర ఇంకొంచెం ప్లాస్టర్ మెత్తి ఎత్తు చేస్తారు, అప్పుడే స్ప్లింటు ఎముకకు తగలదు.

తరువాత పాలీప్రొపిలీన్ రేకును 180 డిగ్రీలు దాటిన ఓవెన్లో పెడతారు. తెల్ల రేకు అద్దంలా అయిపోతుంది. గబగబా బొమ్మ మీద కప్పి, మిషనుతో లోపలి గాలి లాగేస్తారు. ఆత్రేయపురం పూతరేకు గుర్తొచ్చింది నాకు. అక్కడ కుండ వేడి, పిండి చల్లన; ఇక్కడ బొమ్మ చల్లన, రేకు వేడి. బాగా చల్లారాక కోసి, అంచులు నున్నగా అరగదీసి, పట్టీ బిగిస్తారు.

నిజం చెప్తాను. మొదటి వారమే చీలమండ మీద బొబ్బ లేచింది. మావయ్య డబ్బులు దండగయ్యాయంటారని చెప్పకుండా దాచాను. అది పుండయింది. తీరా వెళితే ఆయన ఆ ఒక్కచోటే వేడిగాలి పట్టి, బయటికి నొక్కి, పది నిమిషాల్లో సరిచేశారు! వేడి చేస్తే మళ్ళీ మెత్తబడే ఇలాంటిదాన్నే థర్మోప్లాస్టిక్ అంటారని సైన్సులో చదివాం కదా. స్విచ్చిల్లో వాడే బేకలైట్ అయితే మాడుతుందేగాని మెత్తబడదు. (మొన్న వానలో తడిస్తే పొయ్యి పక్కన ఆరబెడదామన్నవాడికి ఇదే జవాబు!)

స్ప్లింటు విప్పాక ఎర్రటి మచ్చ ఉంటే భయంలేదు, అరగంటలో పోవాలి. పోకపోతే ఎక్కడో ఒరుసుకుంటోందన్నమాట. నిన్న రాత్రి నా మచ్చ పడుకునేదాకా పోలేదు. ఏడాదిలో రెండంగుళాలు పెరిగాను మరి. వార్డెన్ సార్, శనివారం అమలాపురం వెళ్ళడానికి సెలవు చీటీ మీ బల్ల మీద పెట్టాను.

– 9వ తరగతి విద్యార్థి